సైన్ లోపల త్రిభుజం ఎక్కడ ఉంది? త్రికోణమితి, తరంగాలు, వాటితో నడిచే వృత్తులు

ప్రశ్న

నమస్కారం. ఉన్నత పాఠశాల చదువు ముగించాను. పై చదువుకు ఏ శాఖ ఎంచుకోవాలో కొద్ది నెలల్లో తేల్చుకోవాలి. త్రికోణమితిలో నాకు మంచి మార్కులే వచ్చాయి. సూత్రాలన్నీ కంఠతా వచ్చు. ఎడమ పక్షం కుడి పక్షానికి సమానమని నిరూపించమంటే తడుముకోకుండా నిరూపించగలను. అయితే తరంగాల పాఠం మొదలైన రోజునే నా చదువు ఎంత పైపైన సాగిందో నాకు అర్థమైంది.

తీగపై సాగే తరంగానికి పుస్తకంలో ఇచ్చిన సమీకరణంలో ఒక సైన్ ఉంది. దాని లోపల దూరంతో కూడిన ఒక పదం, కాలంతో కూడిన మరొక పదం, వాటి మధ్య మైనస్ గుర్తు ఉన్నాయి. లంబకోణ త్రిభుజంలో ఎదుటి భుజాన్ని కర్ణంతో భాగిస్తే వచ్చేదే సైన్ అని నేను నేర్చుకున్నాను. కంపిస్తున్న తీగలో లంబకోణం ఎక్కడ ఉంది? కర్ణం ఏది? దూరాన్నీ కాలాన్నీ సైన్ లోపల పెట్టినంత మాత్రాన అవి కోణం ఎలా అవుతాయి? ఎవరిని అడిగినా, ప్రస్తుతానికి సమీకరణం గుర్తుపెట్టుకుంటే చాలునన్న జవాబే వచ్చింది.

రెండవ ప్రశ్న వృత్తుల గురించి. ఈ గణితం ఇంజనీరింగుకు పనికొస్తుందన్న మాట చాలాసార్లు విన్నాను కానీ, ఏ పనిలో, ఏ సందర్భంలో, ఏ సూత్రం అవసరపడుతుందో ఎవరూ చెప్పలేదు. ఆ పనులు చేస్తున్నవారు తమ అనుభవం రాస్తే ఎంతో మేలు చేసినవారవుతారు.

సమాధానం: భౌతికశాస్త్ర అధ్యాపకురాలు

మీ సందేహం సరైన చోటే పుట్టింది. ఆ తీగలో త్రిభుజం లేదు, ఉండనవసరమూ లేదు. సైన్ మొదటి నుంచీ వృత్తానికి చెందినది. మీకు బడిలో చూపించిన త్రిభుజం ఆ వృత్తంలోంచి తీసిన ఒక ముక్క మాత్రమే. ఆర్యభటుడు సైన్‌ను జ్య అన్న మాటతోనే వ్యవహరించాడు. జ్య అంటే వింటినారి. వృత్తంలో కొంత చాపాన్ని విల్లు అనుకుంటే, దాని రెండు కొనలనూ కలిపే గీత నారి అవుతుంది, ఆ నారిలో సగం అర్ధజ్య అవుతుంది. మనం ఇప్పుడు సైన్ అంటున్నది దానినే. ఈ మాట అరబ్బీలోకి వెళ్లి, అక్కడ అచ్చులు రాయని లిపి కారణంగా మరొక మాటగా చదవబడి, చివరకు లాటిన్‌లో వంపు అనే అర్థమున్న సైనస్‌గా అనువాదమైంది. పేరు మారే క్రమంలో విల్లు, నారి మన కంటికి కనిపించకుండా పోయాయి.

ఇప్పుడు ఒక చక్రాన్ని ఊహించుకోండి. దాని వ్యాసార్ధం 1 అనుకుందాం. అంచు మీద సుద్దతో ఒక గుర్తు పెట్టి, ఆ గుర్తు సరిగ్గా ఇరుసు ఎత్తున ఉన్నప్పుడు చక్రాన్ని తిప్పడం మొదలుపెట్టి, ప్రతి 30 డిగ్రీలకూ ఆ గుర్తు ఇరుసు కంటే ఎంత ఎత్తులో ఉందో రాయండి. 0, 0.5, 0.87, 1, మళ్లీ 0.87, 0.5, 0 అని వస్తాయి. ఆపైన అవే అంకెలు మైనస్ గుర్తుతో వస్తాయి. ఇవే సైన్ విలువలు. 90 డిగ్రీలు దాటాక త్రిభుజం ఏమవుతుందన్న చిక్కు ఇక్కడ తలెత్తదు, ఎందుకంటే చక్రం ఎంతసేపైనా తిరుగుతుంది.

ఆ అంకెల దగ్గర ఇంకాస్త ఆగండి. చక్రం సమానమైన వేగంతోనే తిరుగుతున్నా, మొదటి 30 డిగ్రీలలో గుర్తు 0.5 పైకి లేచింది, రెండవ 30 డిగ్రీలలో 0.37 మాత్రమే లేచింది, మూడవ 30 డిగ్రీలలో కేవలం 0.13 లేచింది. అంటే సైన్ వక్రం సున్నా దగ్గర నిటారుగా, శిఖరం దగ్గర చదునుగా ఉంటుంది. క్రీ.శ. 499 నాటి ఆర్యభటుని పట్టికలో 3 డిగ్రీల 45 నిమిషాల అంతరంతో ఉన్న 24 అంకెలు అర్ధజ్యలు కావు, ఒక అర్ధజ్యకూ తరువాతి అర్ధజ్యకూ మధ్య తేడాలు. ఆ తేడాలు 225తో మొదలై, తగ్గుతూ తగ్గుతూ, చివరకు 7 దగ్గర ముగుస్తాయి. మీరు చక్రం మీద చూసిన చదును ఆ 7లో ఉంది. ఈ ఒక్క గుణాన్ని మనసులో ఉంచుకుంటే, ఇతర వృత్తులవారు కింద రాయబోయేది మీకు తేలికగా అందుతుందని నా నమ్మకం.

ఇక తరంగం దగ్గరకు వద్దాం. ఒకే రకమైన చక్రాలు వరుసగా నిలబెట్టి, అన్నింటినీ ఒకే వేగంతో తిప్పుతున్నామనుకోండి. అయితే ప్రతి చక్రమూ తన ఎడమ పక్క చక్రం కంటే కొద్దిగా ఆలస్యంగా బయలుదేరింది. ఏదో ఒక క్షణంలో అన్ని సుద్ద గుర్తుల ఎత్తులనూ కలుపుతూ గీత గీస్తే, అదే తరంగ రూపం. ఏ గుర్తూ తన చక్రాన్ని విడిచి కుడికి జరగదు. ఎత్తులను మాత్రమే చూస్తే ప్రతిదీ తన చోటనే పైకీ కిందికీ పోతుంది. అయినా శిఖరం ఎడమ నుంచి కుడికి ప్రయాణిస్తుంది. మీ సమీకరణంలో కాలంతో కూడిన పదం ఒక చక్రం ఇప్పటికి ఎంత తిరిగిందో చెబుతుంది, దూరంతో కూడిన పదం ఆ చక్రం మొదటి చక్రం కంటే ఎంత వెనుకబడి ఉందో చెబుతుంది. మైనస్ గుర్తు ఆ వెనుకబాటు తప్ప మరేమీ కాదు. ఒక తరంగదైర్ఘ్యం దూరంలో వెనుకబాటు సరిగ్గా ఒక పూర్తి చుట్టు, అంటే 2పై రేడియన్లు. దూరాన్ని తరంగదైర్ఘ్యంతో భాగించి 2పైతో గుణించినప్పుడు మీటర్లు కొట్టివేయబడి, మిగిలేది కోణమే. దీనినే దశ అంటాము. త్రిభుజం కోణాన్ని దశగా చూడడం అలవాటైన రోజున తరంగాల పాఠం సగం పూర్తయినట్లే.

మీకు కంఠతా వచ్చిన సూత్రాలను కూడా ఇప్పుడు వెనక్కి తిరిగి చూడండి. సైన్ ఎ, సైన్ బి కలిపితే, వాటి సగటు కోణపు సైన్‌ను, తేడాలో సగం కోణపు కొసైన్‌నూ గుణించి రెట్టింపు చేసినట్లవుతుందన్న సూత్రం మీకు తెలుసు. 440, 444 హెర్ట్జ్ ధ్వనులను ఒకేసారి మోగిస్తే మీకు రెండు ధ్వనులు వినిపించవు. 442 హెర్ట్జ్ ధ్వని ఒక్కటే పెరుగుతూ తగ్గుతూ వినిపిస్తుంది. ఆ పెరగడం, తగ్గడం కొసైన్ పని. కొసైన్ పౌనఃపున్యం 2 హెర్ట్జ్ కదా, మరి సెకనుకు 4 విస్పందనాలు, అంటే ధ్వని 4 సార్లు పెరిగి తగ్గడం, ఎందుకు వినబడతాయని చాలామంది విద్యార్థులు తికమకపడతారు. కొసైన్ ఒక చుట్టులో ఒకసారి ధనాత్మక శిఖరానికీ, ఒకసారి రుణాత్మక శిఖరానికీ చేరుతుంది. మన చెవికి రెండూ సమానంగానే బిగ్గరగా వినిపిస్తాయి. నిరూపణ వచ్చినవారికి సైతం ఇది చెవితో విన్నాకనే సొంతమవుతుంది. కాబట్టి సూత్రం చదివిన ప్రతిసారీ అది ఏ శబ్దాన్ని, ఏ కదలికను చెబుతోందో ఒక వాక్యంలో రాసుకోండి. వాక్యం రాయలేకపోతే ఆ సూత్రం ఇంకా రానట్లే లెక్క.

సమాధానం: సర్వేయరు

అధ్యాపకురాలు చెప్పిన నిటారు, చదును సంగతి నా వృత్తిలో ప్రతిరోజూ ఎదురవుతుంది. మేము వాడే టోటల్ స్టేషన్ అనే పరికరం ఏటవాలు దూరాన్ని, కోణాలను కొలుస్తుంది. పటం మీద గీయడానికి మాకు కావలసినది సమతల దూరం, ఎత్తులో తేడా. 100 మీటర్ల ఏటవాలు దూరానికి వాలు 2 డిగ్రీలైతే సమతల దూరం 99.94 మీటర్లు. అంటే 6 సెంటీమీటర్లే తగ్గింది. అదే వాలుకు ఎత్తులో తేడా 3.49 మీటర్లు. కొసైన్ సున్నా డిగ్రీల దగ్గర చదునుగా ఉంటుంది కనుక కోణంలో చిన్న పొరపాటు జరిగినా సమతల దూరం పెద్దగా చెడదు. సైన్ అక్కడే నిటారుగా ఉంటుంది కనుక ఆ పొరపాటంతా ఎత్తు మీద పడుతుంది. 100 మీటర్ల దూరాన కోణంలో 20 సెకన్లు (ఇక్కడ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) తప్పు పోతే ఎత్తు దాదాపు ఒక సెంటీమీటరు మారుతుంది. మురుగు కాలువ వాలు నిర్ణయించే పనిలో ఆ సెంటీమీటరు చాలా పెద్దది.

పరికరమే లెక్క చేసిపెడుతుంది కదా, మనిషికి గణితం ఎందుకని మీకు అనిపించవచ్చు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను కాలిక్యులేటర్‌ను డిగ్రీలకు బదులు గ్రేడియన్లలో ఉంచి ఒక రోజు పనంతా లెక్కించాను. గ్రేడియన్లలో పూర్తి చుట్టు 360 కాదు, 400. కాబట్టి నేను 10 అని నొక్కినప్పుడు అది 9 డిగ్రీల సైన్ ఇచ్చింది. 100 మీటర్లకు 17.36 మీటర్లు రావలసిన ఎత్తు 15.64 మీటర్లుగా వచ్చింది. అదే రేడియన్లలో ఉండి ఉంటే ఎత్తుకు బదులు 54 మీటర్ల లోతు వచ్చేది, తప్పు వెంటనే కంటపడేది. గ్రేడియన్ల తప్పు నమ్మదగినట్లే కనిపించింది. సాయంత్రం బయలుదేరిన బిందువుకే తిరిగి వచ్చి చూస్తే ఎత్తులు కలవలేదు. ఎక్కడ తప్పు జరిగిందో వెతకడానికి రాత్రి చాలా సేపు పట్టింది. చివరకు ఒక విలువను చేతితో లెక్కించి చూశాకనే విషయం బయటపడింది. ఆ రోజు నుంచి ఏ లెక్కలోనైనా సైన్ 30 నొక్కి 0.5 వచ్చిందో లేదో చూడకుండా పని మొదలుపెట్టను.

ఈ వృత్తికి త్రికోణమితి, దోషాల విశ్లేషణ బాగా కావాలి. తరంగాలు కూడా అవసరమే, ఎందుకంటే పరికరం దూరాన్ని కొలిచేది కాంతి తరంగాలతో. చాలా పరికరాలు పంపిన కాంతికీ తిరిగి వచ్చిన కాంతికీ మధ్య దశలో ఉన్న తేడాను బట్టి దూరాన్ని తేలుస్తాయి. ఎండలో, గాలిలో, గంటల తరబడి నిలబడి పని చేయడం ఇష్టమైతే ఇది చక్కటి ఎంపిక.

సమాధానం: అల్ట్రాసౌండ్ విభాగంలో పని

నేను రోగులకు డాప్లర్ పరీక్షలు చేస్తాను. రక్తనాళంలో ప్రవహించే రక్తం మీదికి ధ్వని తరంగాన్ని పంపితే, కదులుతున్న రక్తకణాల నుంచి వెనక్కి వచ్చే ధ్వని పౌనఃపున్యం కొద్దిగా మారి ఉంటుంది. ఆ మార్పు రక్తం వేగానికీ, ధ్వని కిరణానికీ ప్రవాహానికీ మధ్య ఉన్న కోణపు కొసైన్‌కూ అనులోమానుపాతంలో ఉంటుంది. 5 మెగాహెర్ట్జ్ తరంగం, సెకనుకు ఒక మీటరు వేగంతో పోయే రక్తం, 60 డిగ్రీల కోణం తీసుకుని, శరీర కణజాలంలో ధ్వని వేగం సెకనుకు 1540 మీటర్లుగా లెక్కిస్తే మార్పు సుమారు 3250 హెర్ట్జ్ వస్తుంది. ఇది మనిషి చెవికి వినిపించే పరిధిలో ఉంది. అందుకే పరీక్ష గదిలో గుండె కొట్టుకున్న ప్రతిసారీ యంత్రంలోంచి ఊదినట్లు ఒక శబ్దం వినిపిస్తుంది. మొదటిసారి విన్నప్పుడు అది రక్తం పారుతున్న చప్పుడేనని నేను అనుకున్నాను. నిజానికి అది రెండు పౌనఃపున్యాల మధ్య తేడా.

తెర మీద ఆ కోణాన్ని గీసేది నేనే. నాళం దిశకు సరిపోయేలా ఒక చిన్న గీతను తిప్పి పెడితే, యంత్రం ఆ కోణపు కొసైన్‌తో భాగించి వేగాన్ని చెబుతుంది. అసలు కోణం 30 డిగ్రీలు ఉండగా నేను 35 అని పెడితే వేగం దాదాపు 6 శాతం ఎక్కువగా కనిపిస్తుంది. అసలు కోణం 60 ఉండగా 65 అని పెడితే 18 శాతం ఎక్కువగా కనిపిస్తుంది. చేతి పొరపాటు రెండుసార్లూ 5 డిగ్రీలే. 90 డిగ్రీల వైపు వెళ్లే కొద్దీ కొసైన్ నిటారుగా పడిపోతుంది, సరిగ్గా 90 దగ్గర కొసైన్ సున్నా కనుక రక్తం పారుతున్నా సంకేతం రాదు. అందుకే కోణం 60 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలని మాకు నేర్పిస్తారు. నాళం ఇరుకైందా లేదా అన్న నిర్ణయానికి వైద్యులు ఈ వేగాన్ని ఆధారంగా తీసుకుంటారు, కాబట్టి ఆ గీతను నేను తొందరపడి పెట్టను.

మీకు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పరీక్ష చేసే మా వృత్తికి ఈ స్థాయి గణితం సరిపోతుంది. దానికి శరీర నిర్మాణ శాస్త్రం, రోగితో ఓపికగా మాట్లాడే నేర్పు తోడవ్వాలి. యంత్రాలను రూపొందించే పని, లేదా వైద్య భౌతికశాస్త్రం మీ లక్ష్యమైతే కలనగణితమూ తరంగ సమీకరణమూ లోతుగా చదవవలసి ఉంటుంది.

సమాధానం: విద్యుత్ సబ్‌స్టేషన్ ఇంజనీరు

నాది చిన్న సమాధానం. మూడు ఫేజుల విద్యుత్తు అంటే ఒకదానికొకటి 120 డిగ్రీలు వెనుకబడిన మూడు సైన్ తరంగాలు. వాటి మొత్తం ఏ క్షణంలోనైనా సున్నా అని మీకున్న సూత్రాలతోనే నిరూపించి చూడండి. లోడు సమానంగా ఉన్నప్పుడు న్యూట్రల్ తీగలో విద్యుత్తు ఎందుకు పారదో మీకే తెలుస్తుంది. వోల్టేజి, కరెంటు తరంగాల మధ్య దశ తేడాకు కొసైన్ తీస్తే అదే పవర్ ఫ్యాక్టర్. అది 1 నుంచి 0.8కి పడిపోతే అదే పనికి కరెంటు 1.25 రెట్లు కావాలి, తీగల్లో వేడిగా పోయే నష్టం 1.56 రెట్లు అవుతుంది. కెపాసిటర్లు పెట్టి ఆ కోణాన్ని తగ్గించడం మా నిత్యకృత్యం.

సమాధానం: సిగ్నల్ ప్రాసెసింగ్ ఇంజనీరు

అందరూ పనికిరాదనుకునే ఒక సూత్రం తరఫున రాయాలని ఉంది. రెండు కొసైన్‌ల లబ్ధాన్ని, కోణాల మొత్తపు కొసైన్, కోణాల తేడా కొసైన్ కలిపిన దానిలో సగంగా రాయవచ్చన్న సూత్రం మీరు పరీక్ష కోసం చదివి ఉంటారు. పాతకాలపు రేడియో దాని మీదనే నడిచేది. 1000 కిలోహెర్ట్జ్ మీద వచ్చే ప్రసారాన్ని, రేడియో లోపల పుట్టించిన 1455 కిలోహెర్ట్జ్ తరంగంతో గుణిస్తే 2455, 455 కిలోహెర్ట్జ్ తరంగాలు రెండు పుడతాయి. పెద్దదానిని వడగట్టి తీసేస్తారు. వేరే స్టేషన్‌కు మారినప్పుడు లోపలి తరంగాన్ని కూడా అంతే మార్చితే తేడా ఎప్పుడూ 455 దగ్గరే ఉంటుంది. కాబట్టి ఆ తరువాతి పరికరాలన్నీ ఒకే పౌనఃపున్యానికి తగినట్లు తయారుచేస్తే చాలు. గుణించి కిందికి దించే ఈ పద్ధతి నేటి ఫోన్లలోనూ ఉంది.

ఆ సూత్రానికి ఇంకా లోతైన ఉపయోగం ఒకటి ఉంది. తెలియని సంకేతాన్ని మనకు తెలిసిన ఒక కొసైన్‌తో క్షణం క్షణం గుణించి, చాలాసేపు సగటు తీశామనుకోండి. సంకేతంలో ఆ పౌనఃపున్యం లేకపోతే మొత్తం, తేడా రెండూ ఊగుతూ ఉంటాయి కనుక సగటు సున్నాకు చేరుతుంది. ఉంటే, తేడా సున్నా అవుతుంది, సున్నా కొసైన్ 1 కనుక సగటులో ఒక అంకె నిలబడుతుంది. మన తరంగమూ సంకేతంలోని తరంగమూ ఒకదానికొకటి పావు చుట్టు తేడాలో ఉంటే ఈ పద్ధతి దానిని పట్టుకోలేదు, అందుకే కొసైన్‌తో ఒకసారి, సైన్‌తో ఒకసారి గుణిస్తాము. సంకేతంలో ఏ పౌనఃపున్యం ఎంత ఉందో కొలిచే కొలబద్ద ఇదే. ఫోరియర్ ఉష్ణ ప్రసారాన్ని అధ్యయనం చేస్తూ 1822లో ప్రచురించిన సిద్ధాంతపు సారం ఈ కొలతలో ఉంది. 1965లో కూలీ, టూకీ ఈ లెక్కను అతి వేగంగా చేసే పద్ధతిని ప్రచురించాక కంప్యూటర్లకు అది నిత్యావసరమైంది.

మీరు ఫోన్‌లో తీసే జేపెగ్ ఫోటోలోనూ ఇదే ఉంటుంది. బొమ్మను 8 అడ్డు, 8 నిలువు చుక్కల గడులుగా విడగొట్టి, ఒక్కో గడిని 64 కొసైన్ నమూనాల మొత్తంగా రాస్తారు. కన్ను అంతగా గుర్తించని వేగవంతమైన మార్పులను ముతకగా రాసి స్థలం ఆదా చేస్తారు. బాగా కుదించిన ఫోటోను పెద్దది చేసి చూస్తే ఆ గడుల అంచులు మీకే కనిపిస్తాయి. దీనికి ఆధారమైన డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్‌ను 1974లో నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు ప్రచురించారు.

ఈ రంగంలోకి రావాలంటే త్రికోణమితి తరువాత సంకీర్ణ సంఖ్యలు, మాత్రికలు, సంభావ్యత చదవాలి, ప్రోగ్రామింగ్ రావాలి. సంకీర్ణ సంఖ్యలు వచ్చాక త్రికోణమితి సూత్రాలు చాలావరకు ఒక్క గుణకారంలోకి ఇమిడిపోతాయి. ఆ సంతోషం కోసమైనా వాటిని చదవమంటాను. భూకంప శాస్త్రం, రాడార్, ధ్వని శాస్త్రం, రోదసి శాస్త్రం వంటి రంగాలకు కూడా ఈ పునాదే కావాలి కనుక, ఇప్పుడే ఒకే ఉద్యోగం పేరు నిర్ణయించుకోవాలన్న ఒత్తిడి పెట్టుకోకండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. గ్రాఫు కాగితం మీద ఎనిమిది వృత్తాలు వరుసగా గీసి, ఒక్కో వృత్తంలో గుర్తును ముందుదాని కంటే 45 డిగ్రీలు వెనుకబెట్టి, గుర్తులను కలిపాను. తరువాత అన్ని గుర్తులనూ 45 డిగ్రీలు ముందుకు తిప్పి మరొక రంగుతో కలిపితే, గీత మొత్తం సరిగ్గా ఒక వృత్తం మేర కుడికి జరిగింది. ఇన్ని రోజులూ ఆ మైనస్ గుర్తును కేవలం గుర్తుంచుకోవలసినదిగా చూశాను. డాప్లర్ పరీక్ష గురించి చదివాక వైద్య భౌతికశాస్త్రం వైపు మనసు లాగుతోంది. ఒక సందేహం మిగిలింది. రెండు కొనలూ బిగించిన తీగలో తరంగం ఎటూ ప్రయాణించదు కదా, అక్కడ వెనుకబాటు అన్న ఆలోచన ఎలా వర్తిస్తుంది?

సమాధానం: భౌతికశాస్త్ర అధ్యాపకురాలు

అక్కడ ఒక తరంగం కుడికీ, కొన దగ్గర ప్రతిఫలించిన అదే తరంగం ఎడమకూ ఒకే సమయంలో పోతుంటాయి. ఒకదానిలో దూరం, కాలం మధ్య మైనస్ ఉంటుంది, మరొకదానిలో ప్లస్ ఉంటుంది. ఆ రెండు సైన్‌లనూ విస్పందనాలకు వాడిన సూత్రంతోనే కలిపి చూడండి. దూరం మాత్రమే ఉన్న ఒక సైన్, కాలం మాత్రమే ఉన్న ఒక కొసైన్ గుణకారంగా విడిపోతాయి. దూరం, కాలం ఒకే సైన్ లోపల కలిసి ఉన్నంతవరకే శిఖరం ప్రయాణిస్తుంది. విడిపోయాక తీగలోని ప్రతి బిందువుకూ తనదైన స్థిరమైన కంపన పరిమితి ఉంటుంది, అన్నీ ఒకే కొసైన్‌కు లోబడి ఊగుతాయి. ఇప్పుడు మీ గ్రాఫు కాగితం మీదనే, దూరం ఉన్న ఆ సైన్ ఎక్కడెక్కడ సున్నా అవుతుందో గుర్తించండి. తీగ రెండు కొనలూ తప్పనిసరిగా ఆ గుర్తుల మీదనే ఉండాలన్న ఒక్క షరతు పెట్టి, ఆ తీగలో ఏయే తరంగదైర్ఘ్యాలకు చోటుందో రాసి ఇక్కడ పెట్టండి, చూస్తాను.